విప్పని కవరు

"ఓ అన్నా, ఆ కవర్ పారేస్తున్నవా? స్టాంపు నాకియ్యి జర!"

ఉప్పల్ పోస్టాఫీసు మెట్ల మీద ముక్కూమొహం తెలియని పిల్ల అట్లా చెయ్యి చాపితే ఎవరైనా ఏం చేస్తారు? ఫణీంద్ర కవరు వెనక్కి దాచుకున్నాడు.

"ముద్ర పడిన స్టాంపుతో మీకేం పనండీ?"

"బొమ్మలు జేస్తా. కొత్తయి ఎవరికి గావాలె?"

అదీ సిరి. వాడేసిన స్టాంపులు నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి, ముక్కలు అతికించి నెమళ్లూ మనుషులూ చేస్తుంది. ఫణీంద్రది కాకినాడ, నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. అన్నా అన్న పిలుపు వారంలోనే పోయింది. ఆరు నెలలు తిరిగేసరికి అతని బైకుకి రోజూ ఉప్పల్లోనే పని! సిరికీ అతనంటే ప్రాణమే. పైకి చెప్తుందా? చెప్పదు!

ఒక శనివారం వానలో తడుస్తూ సంచి తెచ్చాడు.

"మా హాస్టల్లో ఫోన్లు ఉండనిచ్చేవారు కాదు. అమ్మ ఉత్తరాలు రాసేది. ఉత్తరాలు తీసి దాచుకున్నాను, ఇవి ఖాళీ కవర్లు. వీటి స్టాంపులతో అమ్మ బొమ్మ చేస్తావా?"

వాళ్లమ్మ కౌసల్యమ్మ పోయి పదేళ్లు.

సిరి మామూలుగా ప్రతి కవరూ వెలుగుకి పట్టి చూస్తుంది. ఆ రోజు చూడలేదు. ఖాళీవని చెప్పింది ఫణి కదా! అన్నీ ఒకేసారి టబ్బులో వేసింది. కాసేపటికి నీళ్లు నీలంగా మారాయి. అతికించి ఉన్న ఒక కవరు దానంతటదే విచ్చుకుని, లోపలి కాగితం తేలింది. ఇంకు పెన్నుతో రాసిన ఉత్తరం. ఒక్క అక్షరం మిగల్లేదు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తది? అనుకుంది కూడా. చెప్తే మనిషే దక్కడేమోనని భయం. అయినా మనసొప్పలేదు, ఫోన్ చేసింది.

"ఫణీ, ఒకదాంట్ల ఉత్తరం ఉండె. ఖరాబ్ జేసిన."

"అమ్మ పోయిన మూడో రోజున అందింది అది. విప్పితే ఇంక అమ్మ దగ్గర్నుంచి రావాల్సిందేం ఉండదని విప్పలేదు. విడిగా దాచాననుకున్నా, సిరీ."

పెట్టేశాడు. రెండు నెలలు రాలేదు, ఫోనూ ఎత్తలేదు.

సిరి ఏడ్చింది. ఏడుస్తూనే, అతని ఫోన్లో చూసిన ఫొటో గుర్తుచేసుకుంటూ ముక్క ముక్కా అతికించి కౌసల్యమ్మను చేసింది. చీరకి మాత్రం ఇంకుతో నీలమైన ఆ ఉత్తరం కాగితమే, కత్తెర పెట్టకుండా, మడతలతో సహా. ఫొటో తీసి పంపింది. "వచ్చి తీస్కపో. తిట్టు, గానీ రా."

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. చిక్కిపోయాడు. బొమ్మ ముందు నిలబడి చీర మడతలను వేలితో నిమిరాడు.

"ఏం రాసుంటదో..." అంది సిరి.

"మొదటి లైను తెలుసు. ప్రతి ఉత్తరం అలాగే మొదలయ్యేది."

"ఏమని?"

"నాన్నా ఫణీ, అన్నం తిన్నావా? అని."

సిరి కళ్లు తుడుచుకుంది.

"తిన్నవా మరి?"

అతను లేదన్నట్టు తలూపి, వెక్కి వెక్కి ఏడ్చాడు. సిరి లోపలికి వెళ్లి కంచంలో అన్నం, పప్పుచారు పెట్టి తెచ్చింది.

"నువ్వంటే నాకు పానం, ఫణీ. ఇంక రోజూ నేనే అడుగుత. చెప్పాలె."

"ఊఁ," అంటూ ముద్ద కలిపాడు.