పరీక్షలో లేని ప్రశ్న

"మీ వదిన అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ గుమాస్తా తలూపాడు. ఇంకొకడైతే కుర్చీలోంచి ఎగిరిపడేవాడే. కానీ అన్నయ్య గుండెనొప్పితో నడిరోడ్డు మీద పడిపోయి, అంబులెన్స్ కోసం చూసి చూసి ప్రాణం వదిలిన రోజు నుంచి మనవాడికి ఏదీ తగలడం మానేసింది. ఆకలి తెలీదు, కోపం తెలీదు. డిపార్ట్‌మెంట్ డాక్టర్ సూది గుచ్చితే, "అయిపోయిందా?" అని అడిగాడట. ఇలాంటివాడే నాక్కావాలి అని చీఫ్ తెగ సంబరపడ్డాడు. చీఫ్‌ల సంగతి తెలిసిందేగా!

"అసలు విషయం చెప్పండి సార్."

"ఇప్పుడు కోడ్ రాసేది ఏఐ అసిస్టెంట్లు. ఎలా రాయాలో చెప్పే ఆదేశాలు ఒక్కసారి ఫైల్‌గా రాసిపెడితే, ప్రతి అసిస్టెంటూ పని మొదలుపెట్టేముందు దాన్ని చదువుకుంటుంది. దాన్నే స్కిల్ అంటారు. ఇది జెనరిక్ ప్రోగ్రామింగ్ స్కిల్. అంటే అంకెలిచ్చినా, పేర్లిచ్చినా, సరుకులిచ్చినా ఒకే కోడ్ పనిచెయ్యాలి. ఇవాళ సాయంత్రం దేశంలో ఉన్న అంబులెన్స్ కంట్రోల్ రూములన్నిటికీ ఈ స్కిల్‌తో రాసిన కోడే వెళ్తోంది. విదేశీ ముఠా అందులో ఏదో దూర్చిందని కబురు."

"పరీక్షించలేదా?"

"నూటికి నూరు. పరీక్ష పెట్టి పాస్ చేసింది మీ వదినే. ముఠాలోకి మనమే పంపాం, అక్కడే సెటిలైపోయింది. తప్పు దొరికితే ఆపు. ఆవిడ అడ్డొస్తే..."

"అర్థమైంది సార్."

నిజానికి అర్థమైంది కానీ, ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నానికి ఏసీ మెకానిక్ వేషంలో, ఆ స్కిల్ తయారుచేసిన కంపెనీలో దిగాడు. పెట్టుడు మీసం, భుజాన టూల్‌బ్యాగ్, పిడిలో బుల్లి కంప్యూటర్ దాచిన స్క్రూడ్రైవర్. పై అంతస్తు గదిలో వదిన కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. మొగుడు పోయిన మనిషంటే ఎవరూ నమ్మరు. పక్కనే డైరెక్టర్ వేషంలో ముఠా మనిషి. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని కోటుబాబు అంటారు.

"చల్లగా రావట్లేదని ఫోన్ చేశారట?" అన్నాడు గుమాస్తా. అది కోడ్‌వర్డ్. 'నిన్నటిదాకా బాగానే ఉంది' అని జవాబు రావాలి.

"మేమెవరం చెయ్యలేదే!" అంది వదిన.

ఓహో, అయితే నిజంగానే అమ్ముడుపోయిందన్నమాట. గుమాస్తా వెనక్కి తిరగబోయాడు.

"చల్లగానే ఉందిగా, పంపించెయ్," అన్నాడు కోటుబాబు.

"ఆగవయ్యా!" వదిన గొంతు పెంచింది. "ఏసీ ఉండబట్టి చల్లగా ఉందా, లేకపోయినా ఇంతేనా? కట్టేసి చూస్తే కదా తెలిసేది! ఏం మెకానిక్‌వి నువ్వు?"

తిట్టడానికి అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే అతనివైపు చూసింది. గుమాస్తా స్విచ్ కట్టేశాడు. బయట మంచి చలికాలం. గది ఎంత చల్లగా ఉండేదో అంతే చల్లగా ఉంది.

అప్పుడు వెలిగింది. స్కిల్ పెట్టి పరీక్ష నడిపారు, నూరొచ్చింది, చప్పట్లు కొట్టుకున్నారు. స్కిల్ తీసేసి నడిపిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

ఫిల్టర్ వంకతో సర్వర్ గదిలో దూరి, స్క్రూడ్రైవర్ గుచ్చి, స్కిల్ లేకుండా నడిపాడు. నూరు. పెట్టి నడిపాడు. మళ్ళీ నూరే. అంటే అసిస్టెంట్‌కి దీనివల్ల ఒరిగింది సున్నా. ఆఫీసులో పని చెయ్యకుండా కూర్చున్నవాడు ఇంకెవరి కోసమో పనిచేస్తుంటాడని గుమాస్తాకి ఒకరు చెప్పక్కర్లేదు. అతని బతుకంతా అదే.

ఏది ముందో ఏది వెనకో వరుస పెట్టడానికి, స్కిల్ చదివి అసిస్టెంట్ రాసిన కోడ్‌కి, పరీక్షలో లేనివి ఒక్కొక్కటే ఇచ్చి చూశాడు. పెట్టెలు సరిగ్గా వచ్చాయి. బళ్ళు సరిగ్గా వచ్చాయి. రోగుల్ని ఇచ్చాడు.

వేలు తెగినవాడు అందరికంటే పైన వచ్చాడు. గుండెనొప్పివాడు అట్టడుగున.

గుమాస్తా ఆ ఆఖరి వరుసకేసి చూస్తూ ఉండిపోయాడు. ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందని చెప్పారు ఆ రోజు. అన్నయ్యకి ముందు ఎంతమంది వేళ్ళు తెంపుకున్నారో! ఏడుపొస్తుందేమో అనుకున్నాడు. రాలేదు.

పక్క గదిలో కోటుబాబు గొంతు వినిపించింది. "ఆఖరి పరీక్ష మొదలుపెట్టేశా. నూరొస్తే దానంతటదే కంట్రోల్ రూములకి రిలీజైపోతుంది."

స్కిల్‌ని ముట్టుకుంటే అలారం మోగుతుంది. కానీ ప్రశ్నాపత్రానికి కాపలా ఎవరు పెడతారు? గుమాస్తా పరీక్ష చివర ఒకే ఒక ప్రశ్న చేర్చాడు: ఈ రోగుల్లో ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

తెర మీద పచ్చగీత చివరిదాకా పాకి, అంచు తాకబోతూ ఎర్రబడింది. తొంభై తొమ్మిది. రిలీజ్ ఆగిపోయింది.

"ఎవడ్రా అది!" కోటుబాబు పిస్టల్ తీసి సర్వర్ గదిలోకి దూకాడు. వెనకే వచ్చిన వదిన అతని మణికట్టు మెలిపెట్టి గోడకి నొక్కేసింది. మనవాడికి బేడీలు తియ్యడం తప్ప పనేం మిగల్లేదు.

"మీరే ఆపెయ్యచ్చు కదా వదినా?"

"నేను ఆపితే ఇంకో పేరుతో ఇంకోటి రాస్తారు. రిలీజ్‌కి చెయ్యేస్తూ వీడు దొరకాలి కదా. దొరికాడు."

"అన్నయ్య..."

"ఆ రోజు మన ఊళ్ళో దీన్నే ట్రయల్ వేసి చూశారు." వదిన కళ్ళద్దాలు తీసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి, అచ్చం అతనివిలాగే.

ఇంతలో కోటుబాబు గుండె పట్టుకుని నేలకి జారాడు. నాటకమేమో అనుకున్నారు. కాదు. పెదాలు నీలంగా మారిపోతున్నాయి.

వదినే ఫోన్ తీసి అంబులెన్స్‌కి చేసింది. గుండెనొప్పి అని చెప్పింది. కంట్రోల్ రూమ్‌వాళ్ళు ఎవడో వేలు తెగినవాణ్ణి పక్కనపెట్టి, ముందు ఇక్కడికే బండి పంపారు. ఆమె ఫోన్ జేబులో పెట్టుకునేలోపే కింద సైరన్ మోగింది. స్ట్రెచర్ పరుగున వచ్చింది. మనిషి బతికాడు.

అప్పుడు తగిలింది గుమాస్తాకి. ఇన్నాళ్ళూ మొద్దుబారిన గుండెలో ఎక్కడో భగ్గుమంది. గోడకి చేరగిలబడి, పెట్టుడు మీసం తడిసి ఊడిపోయేదాకా ఏడ్చాడు.

వదిన అతని భుజం మీద చెయ్యేసి, కిటికీలోంచి వెళ్ళిపోతున్న బండిని చూసింది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలయ్యా," అంది, "సర్వీస్ చాలా మెరుగైంది."