కాలవగట్టు ఇరుగుపొరుగు

గల్ఫులోని వాడి కబీర్‌లో ఆ ఉదయం స్కూలు బస్సు వెళ్ళిపోయాక, మనవడు వదిలేసిన ఇడ్లీ ముక్క తింటూ కూర్చుంది, కొన్నాళ్ళుందామని ఇండియా నుంచి వచ్చిన కృపాబాయి. కొడుకు ఫెలిక్స్ వర్క్‌షాపుకు, కోడలు ఫేబా ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరుతున్నారు. అంతలో బెజవాడ నుంచి అల్ఫియా ఫోన్ చేస్తే స్పీకరు పెట్టింది. కాలవగట్టు మీద ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరివీ పక్కపక్క ఇళ్ళే.

"అక్కా, గట్టు మీద ఇళ్ళు వచ్చే వారం తీసేస్తారంట. గవర్నమెంటు ఫ్లాట్ల లాటరీలో మనిద్దరికీ మూడో అంతస్తులో ఎదురెదురు తలుపులొచ్చాయని మురిసిపోయాను. మరి నువ్వు వేరే బ్లాకుకు మార్పించుకున్నావంటగా?"

కృపాబాయికి అర్థం కాలేదు. తలెత్తి కొడుకు వంక చూసింది. బూట్ల లేసులు కడుతున్న ఫెలిక్స్ తల దించుకున్నాడు.

"నేనే మార్పించానమ్మా. అక్కడ లిఫ్టు లేదు. నీ మోకాళ్ళతో మూడంతస్తులు ఎలా ఎక్కుతావు? నేను మార్పించింది కింది ఫ్లాటు."

"ఆ బ్లాకులో నాకు తెలిసినవాళ్ళెవరున్నారు?"

"మెల్లగా తెలుస్తారు. ఆ గట్టు జనంతో ఇక చాల్లేమ్మా."

కృపాబాయి పళ్ళెం పక్కన పెట్టింది.

"గట్టు జనమా? మీ నాన్న పోయాక నేను ఆయా పనికి పోతే నీకు అన్నం పెట్టిందెవరురా? నీకు కామెర్లొస్తే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తిందెవరు? ఇల్లు తీసేసేది గవర్నమెంటు. మమ్మల్ని విడదీసింది మాత్రం నువ్వు."

"నువ్వు మెట్ల మీద పడిపోతే? నేనిక్కడి నుంచి పరుగెత్తుకు రాగలనా?" ఫెలిక్స్ లేసులు వదిలేసి లేచాడు. ఆ భయంతోనే అతడు ఎన్నాళ్ళుగానో సరిగా నిద్రపోవడం లేదు.

"రాలేవనేరా నాన్నా, పిలిస్తే పలికే మనిషి పక్కనుండాలంటున్నా."

ఫేబా బ్యాగు కింద పెట్టి నెమ్మదిగా అంది. "ఎదురింటి సెలిన్ లేకపోతే నేను డ్యూటీ చెయ్యగలనాండీ? బాబుకి జ్వరమొస్తే ముందు ఆమె తలుపే కదా కొడతాం. అత్తయ్యకూ అంతేగా."

ఫెలిక్స్ తల్లి పక్కన కూర్చుని, ఆమె చేతిలోని ఫోను తీసుకున్నాడు.

"పిన్నీ, అంతా విన్నావు కదా. తప్పు నాదే. ఆ మార్పు రద్దు చేయిస్తాను. అమ్మ మోకాళ్ళ సంగతే ఏం చెయ్యాలో తోచడం లేదు."

"ఒక్క మాట నన్నడిగుంటే మొన్ననే చెప్పేదాన్ని కదయ్యా. మన బ్లాకులోనే కింద ఫ్లాటొచ్చిన ఓబయ్య, పైనైతే గాలి బాగుంటుందని మారడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చూస్తున్నాడు. అక్కను కింద ఉండనీ. నా కాళ్ళు బాగానే ఉన్నాయిగా, పొద్దున్నే నేనే దిగొస్తాను."

ఫెలిక్స్ కళ్ళు తుడుచుకోబోయి, తుడుచుకోకుండానే తల్లి భుజం మీద తల వాల్చాడు. అమ్మకు మంచి ఇల్లు చూశాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆమె ఎవరి మధ్య బతకాలో మాత్రం అడగలేదు.

కృపాబాయి ఒక చేత్తో కొడుకు తల నిమురుతూ ఫోను అందుకుంది.

"అల్ఫియా, ఇళ్ళు తీసేసేవాళ్ళు వచ్చేలోపు మన రెండిళ్ళ మధ్య ఉన్న కరివేపాకు మొక్క తవ్వి డబ్బాలో పెట్టు. నేనొచ్చేదాకా నీళ్ళు పొయ్యి."