పిండిమర ఆగిన వేళ

"అన్నా! ఆ మర కాసేపు ఆపుతారా, లేదా?"

మేడమెట్ల మీద నిలబడి అరిచింది అబిగయీలు. పై గదిలో వారం కిందట అద్దెకు దిగిన నర్సు. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

రూఫస్ మర కట్టేశాడు. కారం ఘాటుకు ఆమె మూడుసార్లు తుమ్మింది.

"మర ఉండేది తిరగడానికే కదండీ!" మర ఆగినా అతని గొంతు తగ్గలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ హోరుకి పైనే మాట్లాడటం అలవాటు.

"నాది నైట్ డ్యూటీ. పగలు నిద్ర లేక ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి వేయబోయినాను. పక్క సిస్టర్ చూసి ఆపింది. రేపు ఎవరూ చూడకపోతే?"

అరుపు కాస్తా వణుకైంది. ఆ మధ్యాహ్నం రూఫస్‌కి అన్నం సయించలేదు.

మర్నాడు మర తలుపుకి బోర్డు వేలాడింది: 'పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా మర ఆడదు. పైన నర్సమ్మ నిద్రపోతున్నారు. డబ్బాలు పెట్టి వెళ్ళండి.'

కావలిలో ఆ వీధి ఊరుకుంటుందా?

"ఏంది రూఫసూ, నా బిడ్డ ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఒక్కరోజన్నా ఆపినావా?" అంది ఎదురింటి లిల్లీ అక్క, డబ్బా దించుతూ.

ఆమె వెళ్ళాక కూడా అతని చెవుల్లో ఆగిన మర హోరు చాలాసేపు నిలిచింది. అదీ సద్దుమణిగాక లోపల ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. పొయ్యి దగ్గర అమ్మ, మగ్దలీనమ్మ.

"ఎప్పటి నుంచి పాడతన్నావుమా?"

"రోజూ పాడేదే కదరా. నీకు ఈ పొద్దు వినపడిందా?"

నాయన పోయాక అమ్మ దిగులుతో మాటలు తగ్గించిందనుకున్నాడు ఇన్నేళ్ళూ. మరకి పైన అరవలేక మానేసింది, అంతే. రూఫస్ పైకప్పు వైపు చూశాడు. అక్కడి నిద్ర తన ఇంటికి అమ్మ గొంతు తెచ్చిచ్చింది.

నెల గడిచింది. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు అబిగయీలు లేచింది.

"నాకు నిద్ర ఇచ్చిన దేవునికి వందనాలు. మర ఆపిన రూఫస్ గారికి కూడా."

చర్చంతా నవ్వింది. 'అన్నా' పోయి 'గారు' వచ్చిందని అతనొక్కడే గమనించాడు.

బయట సన్నగా వాన. వరండాలో ఆమె పక్కకి చేరాడు.

"సాక్ష్యం సగమే చెప్పినారు."

"మిగతా సగం?"

"నాది. మా అమ్మ పాట మీ వల్ల విన్నాను. మీరు... మా ఇంట్లోనే ఉండిపోతారా, నాతో?"

అంత చిన్న గొంతు తనదేనా అనిపించింది అతనికి.

"వినపడలా," అంది ఆమె, నవ్వు దాచుకుంటూ. "గట్టిగా చెప్పండి."

మరకి పైన మాట్లాడే గొంతుతోనే చెప్పాడు. వరండా మొత్తం వెనక్కి తిరిగింది.

"ఆమెన్!" అంది మగ్దలీనమ్మ, అందరికంటే ముందు.

"ఆమెన్," అంది అబిగయీలు, పెదవుల మీదే.

అన్ని నవ్వుల్లోనూ, వానలోనూ, రూఫస్‌కి అదొక్కటే స్పష్టంగా వినిపించింది.