రెండు నలభైకి నలభై మూడు ఇళ్లు

శనివారం పొద్దున్న ఏడుంబావుకి, ఊరి కరెంటు పంపిణీ చూసే లోడ్ డిస్పాచ్ ఇంజనీరు తన సొంత ఫ్లాట్‌లో చనిపోయాడు. స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వెలుగుతూనే ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం తనంతట తానే ఆగిపోయింది. విషవాయువుకి తల తిరిగి, గోడ పట్టుకుంటూ ముందు తలుపు దాకా వచ్చాడు. డిజిటల్ తాళం తెరుచుకోలేదు. పోలీసులు తలుపు పగలగొట్టేసరికి ఆయన బొటనవేలు ఇంకా తాళం మీదే ఉంది. ఊళ్లో లేని భార్య ఫోన్‌లో యాప్ 'ఇల్లు సురక్షితం' అని పచ్చగా చూపిస్తోంది.

"హత్య," అన్నాడు చీఫ్, సోమవారం పొద్దున్న ఫైలు మూస్తూ. "చేసినవాడు ఆ ఇంట్లోనే కాదు, ఈ దేశంలోనే లేడు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంటంతా మాస్టర్ అంటుంది. ఈ ఉద్యోగానికి రాకముందు తొమ్మిదేళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాడు. యాభై దాటాయి. ఏ క్యూలో నిలబెట్టినా ఎవరూ రెండోసారి చూడని ముఖం. గూఢచారికి అంతకన్నా వరం లేదు.

"ఇంజనీరు ఏం చూశాడు?"

చీఫ్ ఒక గ్రాఫ్ ముందుకు తోశాడు. "నాలుగు మంగళవారాలుగా మధ్యాహ్నం సరిగ్గా రెండు నలభైకి ఊరి కరెంటు వాడకం ఒక్క ఎగురు ఎగిరి, నాలుగు సెకన్లలో పడిపోతోంది. ఐదు మెగావాట్లు, పది, ఇరవై, నలభై. పైవాళ్లకి రాశాడు. మీటరు తప్పన్నారు. రాసిన మూడో రోజుకి పోయాడు."

"ఎవరో ట్రయల్ వేసుకుంటున్నారు."

"రేపు మంగళవారం," అన్నాడు చీఫ్.

పదకొండింటికల్లా మాస్టర్ మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టాబ్లెట్, జేబులో పెన్నుతో అభిప్రాయ సేకరణ మనిషిగా ఒక్కో తలుపే కొడుతున్నాడు. పెన్ను రాయదు. దగ్గర్లో ఏ వస్తువైనా ఇంటి సమాచారాన్ని బయటికి పంపుతుంటే దాని మొన ఎర్రగా వెలుగుతుంది.

అది ప్రతి ఇంట్లోనూ వెలిగింది. ఏసీ వెనకో, గీజర్ పక్కనో తెల్లటి స్మార్ట్ ప్లగ్గు, అరచేతిలో పట్టేంత. రెండేళ్లలో ఒకే కంపెనీ నాలుగు లక్షల ఇళ్లకి పంచింది.

"మా ఇంట్లో దాచడానికేముందండీ?" అన్నాడు ఒక లెక్చరరు. "నాకెప్పుడు చెమట పట్టిందో తెలుసుకుంటారంతేగా. తెలుసుకోనివ్వండి."

"మా ఆయన మాట వినడు గానీ ఈ ప్లగ్గు వింటుందండీ," అంది బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ. "ఆన్ అంటే ఆన్, ఆఫ్ అంటే ఆఫ్."

మూడో అంతస్తు పెద్దాయన తలుపు సగమే తీశాడు. "గవర్నమెంటు కరెంటు రోజుకి రెండుసార్లు పోతోంది. ముందు అది రాసుకోండి. వీళ్లే నయం, ప్లగ్గు ఊరికే ఇచ్చారు."

"ఎందుకిచ్చారో అడిగారా?"

"ఊరికే ఇస్తుంటే ఎందుకని అడుగుతారటయ్యా ఎవరైనా?"

మాస్టర్ థాంక్స్ చెప్పి మెట్లు దిగాడు. తన వంటింట్లో కూడా అదే ప్లగ్గు ఉందని ఆయనకి రెండో మెట్టు మీద గుర్తొచ్చింది.

సాయంత్రం నాలుగింటికి కంపెనీ షోరూమ్‌కి కస్టమర్‌గా వెళ్లాడు. హోర్డింగుల మీద నవ్వే ముఖమే కౌంటర్ పక్కన నిలబడి ఉంది. మార్కెటింగ్ హెడ్. సిల్కు చీర, వజ్రపు ముక్కుపుడక, ఎవరినైనా అరనిమిషంలో తన మనిషిని చేసుకునే చూపు. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆమె పేరు నెమలి. రెండేళ్లుగా కంపెనీ లోపలి నుంచి మనకి సమాచారం ఇస్తోంది. మన సమాచారం వాళ్లకిస్తోందన్న అనుమానం కూడా అదే ఫైల్లో ఉంది.

"నీలం రంగు ప్లగ్గు దొరుకుతుందా?" అని అడిగాడు మాస్టర్.

"నీలం అయిపోయిందండీ. బూడిద రంగుంది, చూస్తారా?"

కోడ్ సరిపోయింది. ఆమె ఆయన్ని డెమో గదిలోకి తీసుకెళ్లి గ్లాసు తలుపు వేసింది. చేత్తో వస్తువు చూపిస్తూ, పెదాల మీద నవ్వు చెరగనివ్వకుండా చెప్పింది. "ఆర్డరు ప్లగ్గుల్లోకి ఎప్పుడో వెళ్లిపోయింది. రేపు రెండు నలభైకి అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. ఊరికొచ్చే పెద్ద లైన్లలో ఒకదాన్ని మరమ్మతుకి విప్పేశారు. మిగిలిన లైను ఆ బరువు మొయ్యలేదు. అది తెగితే దేశంలో సగం చీకటి. నిలబెట్టడానికి మూడు రోజులు పడుతుంది. సరిహద్దు దగ్గర వాళ్లకి కావలసింది ఆ మూడు రోజులే."

"ప్లగ్గులు పీకెయ్యమని జనానికి చెబితే?"

"చెప్పిన క్షణమే అక్కడ బటన్ నొక్కేస్తారు." ఆమె వారంటీ కార్డు ఆయన చేతిలో పెట్టింది. వెనక ఎనిమిది అంకెలు. "ఆపే కోడ్. రేపు రెండు ముప్పై అయిదుకి పంపండి. ముందు పంపితే మార్చేస్తారు."

"నువ్వు ఎవరి మనిషివి?"

"అది నన్నడక్కండి. నాకే తెలీడం మానేసింది."

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు. లోడ్ డిస్పాచ్ సెంటర్ కంట్రోల్ రూమ్‌లో గోడంతా స్క్రీన్లు. షిఫ్ట్ ఇంజనీరు ముప్పై ఏళ్ల అమ్మాయి, చనిపోయినాయన శిష్యురాలు. ఒక ప్లగ్గు విప్పి బల్ల మీద పరిచింది.

"కరెంటు తీసేస్తే దీని గడియారం చచ్చిపోతుంది సార్. మళ్లీ వచ్చాక టైమ్ కోసం కంపెనీ సర్వర్‌ని అడుగుతుంది. ఈలోపు మనం నెట్ దారి మూసేస్తే ఇది ఉత్త డబ్బా."

"అంటే ఊరంతా ఒకేసారి ఆర్పాలి."

"అవును సార్. కోడ్ ఉందిగా, అంత అవసరం రాదు."

రెండు ముప్పై ఒకటికి మాస్టర్ ఫోన్ మోగింది. నెమలి. ఊపిరి అందడం లేదు, మెట్లెక్కుతూ మాట్లాడుతోంది.

"ఆ కోడ్ పంపకండి. ఆపేది కాదది, ఇంకా ముందే పేల్చేది. నిన్న ఇచ్చేటప్పుడే నాకు తెలుసు."

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఇరవై నాలుగ్గంటలూ ఆగకుండా నడిచే ప్లగ్గుల లిస్టు చూశాను. ఆక్సిజన్ మిషన్ల మీద బతికేవాళ్లు. నలభై మూడు ఇళ్లు. ఈ లిస్టు మీ గవర్నమెంటు దగ్గర లేదు, మా దగ్గరుంది. మొదటి నంబరు మా అమ్మది." గడియ వేసుకున్న చప్పుడైంది. "ఆ ఇంట్లో ప్లగ్గు నేను పెట్టలేదు. ఎవరో ఊరికే ఇచ్చారట."

లిస్టు స్క్రీన్ మీద పడింది. పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు. ఫోన్‌లో తలుపు విరిగిన చప్పుడు, కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఏమీ లేదు. లైను మాత్రం కట్ కాలేదు.

ఆమెని నమ్మాలా? నిన్న నమ్మినందుకు ఇప్పుడీ గతి. కానీ ఊరు ఆర్పెయ్యడానికి ఆమెని నమ్మనవసరం లేదు. మాస్టర్ వారంటీ కార్డు జేబులో పెట్టుకున్నాడు.

"ఇళ్ల లైన్లన్నీ ఒక్క బటన్ కిందికి తేవడానికి ఎంతసేపు?"

"ఎనిమిది నిమిషాలు." ఇంజనీరు అమ్మాయి వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. "ఆసుపత్రుల లైన్లు వేరే సార్, వాటికేం కాదు. ఇళ్లలో పేషెంట్లకే..."

"నువ్వు నీ పని చూడమ్మా."

గదిలో ఆరు ఫోన్లున్నాయి. ఆరుగురు కూర్చున్నారు.

"కరెంటు ఆఫీసు నుంచండీ. ఇంకో ఆరు నిమిషాల్లో కరెంటు పోతుంది. ఆక్సిజన్ మిషన్ తీసేసి సిలిండర్ పెట్టండి."

"సిలిండర్ ఉందని మీకెలా తెలుసు?"

"మీరెవరు? ఓటీపీ అడుగుతారా తర్వాత?"

"మా అబ్బాయితో మాట్లాడి చెబుతాం."

"ఇలాంటి ఫోన్లు రోజుకి పది వస్తాయి. ఇంకెవరినైనా చూసుకోండి." ఠక్కున పెట్టేశారు.

మొదటి నంబరు మాస్టర్ తీసుకున్నాడు. సన్నటి ముసలి గొంతు. "తెలీనివాళ్లతో మాట్లాడొద్దని మా అమ్మాయి చెప్పింది బాబూ."

"మీ అమ్మాయే చెయ్యమంది పిన్నిగారూ."

"అందరూ అలాగే అంటారు."

రెండు ముప్పై ఏడు. మాస్టర్ గొంతులోకి పాత క్లాసురూమ్ వచ్చింది. "మీ పేరు అడగను. నంబర్లు ఏవీ అడగను. సిలిండర్ మూత ఎడమవైపు తిప్పండి, గొట్టం మార్చుకోండి. బుస్సుమన్న చప్పుడు నాకు వినబడాలి. వినబడేదాకా లైన్లోనే ఉంటాను."

మంచం కిర్రుమంది. ఏదో స్టీలు గ్లాసు కింద పడింది. ఆ తర్వాత బుస్సుమంది.

"సరేనా బాబూ?"

"సరిపోయింది."

"అమ్మాయి పక్కనే ఉందా? సాయంత్రం వస్తానంది."

మాస్టర్ నోరు తెరిచాడు.

"రెండు ముప్పై తొమ్మిది, యాభై సెకన్లు," అంది ఇంజనీరు, బటన్ నొక్కింది.

గోడ మీద ఊరు గడి తర్వాత గడిగా నల్లబడింది. రెండు నలభై అయింది. నాలుగు లక్షల ప్లగ్గుల్లో ఒక్కటీ వెలగలేదు. పెద్ద లైను మీటరు ముల్లు కిందికి జారి, సన్నగా వణికి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంజనీరు లేచి వెళ్లి, శనివారం నుంచి ఖాళీగా ఉన్న తన సార్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

కంపెనీ నెట్ దారి మూసేసి, నలభై నిమిషాల్లో వీధి తర్వాత వీధికి కరెంటు ఇచ్చారు. విదేశీ ముఠాలో ముగ్గురు షోరూమ్ పైఅంతస్తులో దొరికారు. నెమలి శవం కూడా అక్కడే దొరికింది, ఫోను చేతిలోనే ఉంది. ఆమె తల్లికి కబురు చెప్పడానికి మాస్టరే వెళ్లాడు. గంటసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో రిపోర్టులో రాయలేదు.

నలభై మూడు ఇళ్లలో నలభై రెండింట ప్రాణాలు నిలబడ్డాయి. మిగిలినది ఒక రిటైరైన టైలరుది. ఫోన్ పెట్టేసింది కోడలు. ఆమె తప్పేమీ లేదు, మోసపు ఫోన్లు పెట్టెయ్యమని టీవీలో రోజూ చెబుతూనే ఉన్నారు.

బుధవారం పొద్దున్న చీఫ్ పిలిచాడు. కరెంటు పోయిందని పద్దెనిమిది వేల ఫిర్యాదులొచ్చాయి. ముఠా సంగతి బయటికి రాకూడదు. సాంకేతిక లోపం అని పేపర్లకి ఒక ప్రకటన కావాలి.

"నువ్వే రాయి మాస్టర్. చివర్లో మామూలుగా రాసే ముక్క ఒకటి పెట్టు."

మాస్టర్ రాశాడు. 'కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.' ఆ మూడు మాటలకి గంట పట్టింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన ప్రభుత్వం తరఫున రాసిన వాటిలో అబద్ధం కానిది అదొక్కటే.