గుమ్మం మీద రంపం

చెట్లు కోసే పెద్దాయన ఎడమ దవడ మీదున్న గాటు ఎలుగుబంటి పెట్టింది. పెట్టాక ఆయన చూసిన చూపుకి జడిసి అది అడవే వదిలి పారిపోయింది. నేను చెబుతున్నానుగా, నమ్మండి.

ఆ ఉదయం పెద్దాయన షెడ్డు గుమ్మంలో కూర్చుని తన పాత మిషన్ రంపాన్ని పెళ్ళికొడుకులా ముస్తాబు చేస్తున్నాడు. తుప్పు గీకాడు, పిడికి నూనె పట్టించాడు. కోసే పళ్ళ గొలుసు మాత్రం ఎక్కించలేదు. ఇప్పుడు పని నడుపుతున్న కూతురికి చిరాకెత్తింది.

“నాన్నా, ఆ ముసలి ఇనుముకి ఇన్ని సోకులెందుకు?”

“గుమ్మం మీద వేలాడదీస్తా. పనికెళ్ళేవాళ్ళు దీన్ని చూసి ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.”

“నీ సణుగుడుకే పెట్టుకుంటున్నారు, చాల్లే!”

అల్లుడు నవ్వుతూ కొత్త రంపం చేతికి తీసుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు.

“అల్లుడూ, ముందు పిడి దగ్గర గార్డేదీ?”

అల్లుడు నసిగాడు. “కొమ్మల్లో అడ్డొస్తోందని తనే ఊడదీసింది మామయ్యా.”

“పని తెమలాలి కదా!” కూతురు గొంతు పెంచింది. “ఇన్నేళ్ళూ నువ్వు కొయ్యలేదా? నీ రంపానికి గార్డుందా?”

పెద్దాయన పాత రంపాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. “గట్టిగా పట్టుకో. తిరుగుతుండగా కొన దుంగకి తగిలిందనుకో, ఇదిగో ఇలా ఎగురుతుంది.” గొలుసు లేని ఆ కొనను కిందనుంచి మెల్లగా ఎగదోశాడు. అది లేచి లేచి ఆమె ఎడమ దవడ దగ్గర ఆగింది. సరిగ్గా తండ్రికి ఎలుగుబంటి గోరు పడిన చోట.

ఆమె భర్త వైపు చూసింది. పొద్దున్నే నున్నగా గీసుకున్న దవడ. నాలుగు కొమ్మలు త్వరగా తెగుతాయని ఆ మనిషిని రంపం ముందు నిలబెట్టింది తనే. తల కొట్టేసినట్టయింది.

“రంపం ఇలా ఎగిరినప్పుడు గార్డు మణికట్టుకి తగిలితే గొలుసు టక్కున ఆగుతుంది,” అన్నాడు తండ్రి మెత్తగా. “నా రోజుల్లో అది లేదు. నీకు ఉండి కూడా పీకి పారేశావు తల్లీ.”

“పారెయ్యలేదు నాన్నా.” పనిముట్ల పెట్టె అడుగునుంచి గార్డు తీసి, నేలమీద చతికిలబడి బిగించసాగింది. కన్నీళ్ళు టపటపా దానిమీద రాలాయి. “ఏవండీ, ఇది అయ్యేదాకా కదలకండి.”

“కదిలితే మామయ్య చెప్పే ఎలుగుబంటి పడుతుందేమో!” అన్నాడు భర్త, ఆమె పక్కన కూర్చుంటూ.

ఆ ఎలుగుబంటి ఇప్పుడు గుమ్మం మీద నిగనిగలాడుతూ వేలాడుతోందని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఇందులో కల్పన మరొకటుంది, అది మాత్రం నాదే. ఆ కన్నీళ్ళు. కథకి కాస్త తడి ఉండాలని నేనే రాల్చాను. ఆమె ఏడవలేదు. ఆఖరి మర బిగిసేదాకా తలెత్తలేకపోయింది, అంతే.