వాగు ఒడ్డున దొరికిన టేకు బల్ల

వడ్రంగం చేసేవాడికి జిగటంటే అసహ్యమని చండ్రుగొండలో నన్ను ఆటపట్టిస్తారు. ఏం చేయను? వేళ్లకు జిగురు అంటిన రోజు నాకు అన్నం సహించదు.

మా పాప భవానికి నాలుగేళ్లు. ఏది దొరికినా ముందు నోట్లో పెట్టుకోవాల్సిందే. దానికోసం ఫోన్లో వీడియో చూసి టంగ్ డ్రమ్ము మొదలుపెట్టాను. అదొక చెక్కపెట్టె. పైచెక్కలో నాలుకల్లా పొడుగూ పొట్టీ పట్టీలు కోస్తే, పుల్లతో కొట్టినప్పుడు ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. పైచెక్కకు మంచి టేకు వెతుకుతుంటే వాగు ఒడ్డున బోర్లా పడి ఉన్న బల్ల దొరికింది. ఒక మూల తెగి ఉంది. వరదకు విరిగిందనుకుని అంతవరకు కోసేసి, ఎండబెట్టాను.

బాగా ఎండిందనుకున్న చెక్కే. కానీ రంపం పెడితే పొట్టు ముద్దలు ముద్దలుగా రాలింది. పసుపు, నలుగుపిండి వాసన. దాని అడుగున ఎలుక చచ్చినట్టు ఇంకో వాసన. వార్నిష్ వేస్తే పోతుందిలే అని పూర్తిచేశాను.

ఆ సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. మా ఆవిడ పనిమీద కల్లూరు వెళ్లింది. పాప వసారాలో డ్రమ్ము వాయిస్తోంది. నేను లోపల పొయ్యి వెలిగిస్తున్నాను. ఠంగ్... ఠంగ్... ఉన్నట్టుండి స్వరం మారింది. పచ్చి మాంసం మీద కొడుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు... ఏదో చప్పరిస్తున్నట్టు ఉంది.

ఫోను లైటు వేసుకుని వెళ్లాను. పట్టీల సందుల్లోంచి పసుపుపచ్చటి నీళ్లు ఊరుతున్నాయి. చిక్కగా. తీగలు సాగుతూ. పాప వంగి నాకుతోంది... దాని పెదవికి పొడుగాటి నెరిసిన వెంట్రుక అంటుకుని ఉంది.

ఆ వెంట్రుకను లాగేశాను. వేలు పెట్టి నోరు తుడిచాను. వేలు జారింది. అక్కడే భళ్లున కక్కుకున్నాను.

పక్కింటి హేమ్లి పరుగెత్తుకొచ్చింది. డ్రమ్మును చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏ బల్లతోని చేసినవ్, ప్రభాకరన్నా?"

"వాగు కాడ దొరికింది... మూల తెగి ఉండె."

ఆమె గొంతు తగ్గించింది. "తెగలే అన్నా, నరుకుతరు. పీనుగకు నీళ్లు పోసిన బల్ల గది. ఎవ్వరు ఇంటికి తేవద్దనే గిట్ల బోర్లేసి వస్తరు. నీకు ఎరుక లేదా ఏంది?"

ఎరుక లేకేం! టేకు కనిపించేసరికి నా బుర్ర గడ్డి తింది. పాపను ఆమెకప్పగించి, డ్రమ్మును గోనెసంచిలో కుక్కి వానలోనే వాగులో పారేశాను. పిల్లకేమైనా అయితే... పరుగున తిరిగొచ్చాను.

"నోరు కడిగిన. మంచిగ పండుకుంది," అంది హేమ్లి.

పాప వెల్లకిలా పడుకుని ఉంది. ఊపిరి సాఫీగానే ఆడుతోంది. హమ్మయ్య అనుకుని దుప్పటి సర్దబోయాను. కాళ్ల బొటనవేళ్లు రెండూ దగ్గరకు చేర్చి... దారంతో కట్టి ఉన్నాయి.

"ఎవరు కట్టిండ్రు?"

హేమ్లి గోడకు ఆనుకుపోయింది. "నేను... ఈడనే కూసున్న అన్నా. ఎవ్వరు రాలే."

విప్పబోతూ ముడి పట్టుకున్నాను. పాప కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"విప్పకు, బిడ్డా," అంది నాతో.