మెడ విరిగే చప్పుడు

అతను తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఒక క్యాబేజీని రెండు చేతులతో పట్టుకుని మెలిపెడుతోంది.

"కదలకండి!" అంది, తల తిప్పకుండానే.

ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట ఉండగానే అతను బొమ్మలా నిలబడిపోయాడు. క్యాబేజీ కటకటమంది. ఆమె చెవుల మీది హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని, అప్పుడు చూసింది అతని వంక.

"ఇప్పుడు ఊపిరి పీల్చుకోవచ్చు. మైకు ఆన్‌లో ఉందండీ. ఒకాయన మెడ విరగాల్సి ఉంది, విరిగింది."

"ఎవరి మెడ?"

"వేరే సినిమాలో విలన్‌ది. మీకేం విరగాలి?"

"నాకు చాలానే ఉన్నాయండీ," అన్నాడతను వినయంగా. "మూడు మెడలు, నాలుగు చేతులు, ఒక వెన్నెముక. 'ఎముకల మేడ' సినిమా డైరెక్టర్ని."

సినిమాలో మనం వినే అడుగుల చప్పుళ్ళు, తలుపుల కిర్రులు, బట్టల రెపరెపలు చాలావరకు షూటింగ్ అయ్యాక ఇలాంటి గదుల్లోనే పుడతాయి. ఈ అమ్మాయి ఆ పనిలో ఆరితేరింది. స్టూడియో వాళ్ళ మావయ్యది. స్టూడియో అంటే మరీ ఊహించుకోకండి, మేడ మీద రేకుల కప్పు వేసిన గది. గోడల నిండా పాత దుప్పట్లు, ఒక మూల చెప్పుల గుట్ట, ఇంకో మూల కూరగాయల బుట్ట. కొత్తవాళ్ళు చూస్తే ఇక్కడ వంట చేస్తారో చెప్పులు కుడతారో తేల్చుకోలేక తికమకపడతారు.

అతను హార్డ్ డిస్క్‌ని పసిపిల్లను అందించినట్టు అందించాడు. అందిస్తూనే తన కథంతా చెప్పేశాడు. కథ, మేకప్, గాయాలు అన్నీ తనే. నటులంతా స్నేహితులు. రక్తం కూడా ఇంట్లో పంచదార పాకంలో రంగు కలిపి తనే కాచాడు. ఎందరి చుట్టూ తిరిగినా ఒక్క డిస్ట్రిబ్యూటర్ మాత్రమే సినిమా చూస్తానన్నాడు. ఆయన కూడా వద్దంటే ఇంక సినిమాలకు దండం పెట్టి, వేరే ఊళ్ళో ఉన్న బావ టైల్స్ షాపులో కూర్చుంటానని అక్కకి మాటిచ్చేశాడు.

"అందుకే ఈ సౌండు బాగా రావాలండీ," అన్నాడు.

"ముందు సినిమా చూద్దాం," అందామె.

చూసింది. ఆరుగురు స్నేహితులు సరదాగా ఒక పాత మేడకి వెళ్తారు. అందులో ఒక దెయ్యం ఉంటుంది. తర్వాత ఏమవుతుందో మీకూ తెలుసు. మూడో హత్య దగ్గర ఆమె చప్పున నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"నవ్వారు," అన్నాడతను.

"లేదండీ, దగ్గొచ్చింది."

"నవ్వారు. నేను సినిమా చూడట్లేదు, మిమ్మల్నే చూస్తున్నాను."

అన్నాక ఆ మాట తనకే మరోలా వినిపించిందేమో, గబగబా చెప్పుల గుట్ట వైపు చూపు తిప్పేశాడు.

"సరే, ఉన్నమాట చెప్తాను. బలాలు ముందా, బలహీనతలు ముందా?"

"బలాలు. కాస్త ఓపిక తెచ్చుకుంటాను."

"మీ దెయ్యం చాలా బాగుంది. పరిగెత్తదు, అరవదు. ఇంటి పని చేసుకునే మనిషిలా నింపాదిగా వస్తుంది, చంపుతుంది, చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంది. నాకు నిజంగానే ఒళ్ళు జలదరించింది. ఆ గాయాలు కూడా ఎంత శ్రద్ధగా చేశారో తెలుస్తూనే ఉంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. పొగిడితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి అని ఆమెకి అప్పుడే అర్థమైంది. ముచ్చటేసింది కూడా.

"ఇప్పుడు రెండోది. మీ హీరో భయపడుతుంటే పన్ను నొప్పితో బాధపడుతున్నట్టు ఉంది. రక్తం ఒంట్లోంచి వచ్చినట్టు లేదు, వీధి కుళాయి పగిలినట్టుంది. పోనీ, చేతిలో ఉన్నంతలో తీశారు, సర్దుకుంటాం. అసలు లోపం అది కాదు."

"మరేంటి?"

"ఐదుగురు పోయారు. ఒక్కడి కోసమైనా ఒక్కరు ఏడ్చారా? అందరూ ఎక్కడో పుట్టగొడుగుల్లా మొలిచినట్టున్నారు. ఒక్కడికైనా ఇల్లుందా? అమ్మానాన్నా ఉన్నారా?"

"హారర్ సినిమాలో అమ్మానాన్నా ఎందుకండీ? చావడానికి వస్తారు, చస్తారు."

"అందుకే నవ్వొచ్చింది," అందామె.

అతను హార్డ్ డిస్క్ వెనక్కి లాక్కుపోతాడనుకుంది. లాక్కుపోలేదు. కాసేపు ముఖం ముడుచుకుని కూర్చుని, "క్యాబేజీలు నేను తేవాలా, మీరే తెచ్చుకుంటారా?" అని అడిగాడు.

అలా పని మొదలైంది. రోజూ పొద్దున్నే సంచి నిండా క్యాబేజీలు, క్యారెట్లు, పుచ్చకాయలు మోసుకుని వచ్చేవాడు. ఎముకలకి క్యారెట్లు, పొట్టకి పుచ్చకాయ, చర్మానికి తడి తువ్వాలు. ఆమె అతన్ని "రక్తం గారూ" అనేది. అతను ఆమెని "కూరగాయలమ్మాయి గారూ" అనేవాడు. హీరోయిన్ మెట్లు దిగి పరిగెత్తే సీనుకి ఎత్తు మడమల చెప్పులు అతని చేతులకి తొడిగి, నేల మీద చేతులతో పరిగెత్తించింది. సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చిన మావయ్య ఆ దృశ్యం చూసి, ఏమీ అడగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

వాన పడితే మాత్రం పని ఆగిపోయేది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయంటే మైకు పనికిరాదు. చేసేదేమీ లేక ఇద్దరూ కిటికీ దగ్గర టీ గ్లాసులు పట్టుకుని కూర్చునేవారు. మొదట్లో ఆమె వానని తిట్టుకునేది. తర్వాత తర్వాత పొద్దున లేవగానే మబ్బు పట్టిందా అని చూడటం మొదలుపెట్టింది. ఎందుకో వేరే చెప్పాలా!

"మీకు భయమెయ్యదా, రోజూ ఈ మెడలు, ఎముకలు?" అని అడిగాడొక వానలో.

"టైల్స్ షాపు అంటే భయమేస్తోంది," అంది.

అతను గ్లాసులోకి చూశాడు. జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, కట్ చేసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఫోన్ రోజూ మోగుతుంది. రోజూ కట్ చేస్తాడు. తెర మీద 'అమ్మ' అని ఉండటం ఆమె చాలాసార్లు చూసింది. అడగలేదు. కానీ ఒక మధ్యాహ్నం అతను లేనప్పుడు, మూడో హత్య మీద పనిచేస్తూ ఆగిపోయింది. ఆరుగురిలో అల్లరివాడు మెట్ల కింద చచ్చి పడుంటాడు. ఆ షాట్ చాలాసేపు అలాగే ఉండిపోతుంది. ఎందుకంటే తర్వాత కలపడానికి డైరెక్టర్ గారి దగ్గర వేరే షాట్ లేదు. సినిమా మొత్తంలో అదొక పెద్ద లోపం. అక్కడ ఏ చప్పుడు పెట్టినా బాగుండలేదు. చివరికి ఒక ఫోన్ తీసి, చొక్కా జేబులో పెట్టి, మైకు ముందు మోగించింది.

సాయంత్రం అతనికి చూపించింది. నెత్తుటి మడుగు. చచ్చినవాడి జేబులో మోగుతున్న ఫోన్. ఆగింది. మళ్ళీ మోగింది.

"తీసెయ్యండి," అన్నాడు.

"పూర్తిగా చూడండి ఒకసారి."

"దెయ్యం సినిమాలో ఫోన్ మోగితే జనం నవ్విపోతారు. ఉన్న కాస్త పరువూ పోతుంది." కుర్చీలోంచి లేచాడు. "అయినా ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా ఇంటి సంగతులు మీ సౌండుకి ముడిసరుకు కాదండీ."

"నేను అలా అనుకోలేదు..."

"తీసెయ్యండి."

మర్నాటి నుంచి కూరగాయల సంచి రాలేదు. ఆమె ఫోన్ తీసేసింది. అదే సీన్లో మెట్ల కిర్రు కూడా కొత్తగా రికార్డ్ చేసి, బుద్ధిగా సినిమా పూర్తి చేసింది. చేస్తూ మధ్యలో కళ్ళు తుడుచుకుంది. అతన్ని బాధపెట్టానన్న బాధ ఒకటైతే, తను చెప్పింది తప్పు కాదన్న బాధ ఇంకొకటి.

ఇక్కడ సౌండు వాళ్ళకి పుట్టుకతో వచ్చే ఒక జబ్బు గురించి చెప్పాలి. పని పూర్తయిందనుకున్నప్పుడల్లా ఫైలుకి 'ఫైనల్' అని పేరు పెడతారు. మర్నాడు ఏదో మారుస్తారు. అప్పుడది 'ఫైనల్ కొత్తది'. ఆ తర్వాత 'ఇదే ఫైనల్'. ఆ తర్వాత 'ఇదే అసలు ఫైనల్'. డిస్ట్రిబ్యూటర్ సినిమా చూసే రోజు పొద్దున్న, కింద మావయ్య స్కూటర్ హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఆమె హడావుడిగా ఒక ఫైలు కాపీ చేసుకుని మెట్లు దిగింది.

చిన్న ప్రివ్యూ హాలు. ముందు వరసలో డిస్ట్రిబ్యూటర్, పక్కన ఆయన భార్య, వెనక ఆయన ఆఫీసు మనుషులు. అతను ఒక చివర కూర్చున్నాడు. ఆమె వైపు చూసి తల ఊపాడంతే. ఆమె మావయ్య పక్కన కూర్చుంది.

మొదటి హత్యకి వెనక వరస నవ్వింది. రెండోదానికి ఇంకా గట్టిగా నవ్వింది. "ట్యాంకు నిండినట్టుంది, మోటర్ ఆపండి!" అన్నాడెవరో, రక్తం చూసి. అతని తల కొంచెం కొంచెంగా కిందికి వంగిపోవడం ఆమెకి చీకట్లో కూడా తెలుస్తోంది.

తెర మీద అల్లరివాడు మెట్లెక్కాడు. మెట్టు కిర్రుమంది. అది పాత కిర్రు.

ఆమె మావయ్య చెయ్యి పట్టుకుంది. "మావయ్యా, ఇది 'ఇదే ఫైనల్'! ఫోన్ తీసేసింది 'ఇదే అసలు ఫైనల్'లో!" అని గొణిగింది.

"ఫైనలే కదమ్మా తేవాల్సింది," అన్నాడు మావయ్య.

లేచి పరిగెత్తి ఆపేంత వ్యవధి లేదు. అల్లరివాడు మెట్ల కింద పడ్డాడు. దెయ్యం చేతులు కడుక్కుంది. ఫోన్ మోగింది.

హాల్లో అందరూ ఒక్కసారే జేబులు తడుముకున్నారు. డిస్ట్రిబ్యూటర్ తన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఆయన భార్య హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. "ఎవరిదయ్యా?" "నాది కాదు." "నాదీ కాదు." వెనక నవ్వులు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అది తెర మీది ఆ అబ్బాయిది.

మోగి మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. ఇప్పుడెవరూ రక్తం వంక చూడటం లేదు. ఇంట్లో ఎవరో ఒకావిడ, అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదేంటని, మళ్ళీ నొక్కుతోంది. తెర మీద ఆవిడ లేదు. హాల్లో మాత్రం అందరికీ కనిపిస్తోంది.

"ఎవరైనా ఎత్తండయ్యా ఆ ఫోను," అంది డిస్ట్రిబ్యూటర్ భార్య.

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అయిపోయింది అనుకుందామె. పరిగెత్తినట్టే వెనక వెళ్ళింది. క్షమించమని అడగాలి, కావాలని చేయలేదని చెప్పాలి. నమ్మకపోతే ఏం చేయాలో తెలియదు.

వరండాలో అతను గోడకి ఆనుకుని ఫోన్ మాట్లాడుతున్నాడు.

"ఊరికే చేశానమ్మా... లేదు, ఏం కాలేదు... ఎందుకు ఏడుస్తాను, జలుబు... తిన్నాను. నువ్వు?... సినిమా ఇంకా తెలీదమ్మా. పోతే పోయింది. రోజూ చేస్తాను ఇకనుంచి... నిజంగా."

తర్వాత గొంతు తగ్గించి ఇంకేదో చెప్పి, ఫోన్ పెట్టేశాక ఆమెని చూశాడు.

"పొరపాటున పాత ఫైలు తెచ్చాను," అందామె. "ఒట్టు. కావాలని కాదు."

"రోజూ ఒక్కటే అడిగేది, సినిమా అయిందా నాన్నా అని. ఏం చెప్పను? మంచి కబురు ఉన్నప్పుడు ఎత్తుదాంలే అని కట్ చేసేవాణ్ణి. నేను పనిలో ఉన్నానని అమ్మ అనుకుంటుందనుకున్నాను." ముఖం తుడుచుకున్నాడు. "అక్కడ ఆవిడ ఏమనుకుంటుందో ఇవాళ తెలిసింది."

ఆమె అతని మోచేయి పట్టుకుంది. అతను వదిలించుకోలేదు.

సినిమా అయ్యాక డిస్ట్రిబ్యూటర్ బయటికి వచ్చాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి.

"మీ హీరో దండగ. రక్తం సగానికి తగ్గించు. చివర్లో ఇరవై నిమిషాలు కోసెయ్. దెయ్యం బాగుంది." ఆగాడు. "మా ఆవిడ లోపలే కూర్చుని మా పెద్దాడికి ఫోన్ చేస్తోంది. వాడు ఎత్తేదాకా కదలనంటోంది. రెండు హాళ్ళలో మ్యాట్నీలు వేద్దాం. ఆ ఫోన్ ఆలోచన నీదేనా?"

ఔనంటే సరిపోయేది. ఆమె అడ్డు చెప్పేది కూడా కాదు.

"కాదండీ. ఈవిడది," అన్నాడతను. "నేను తీసెయ్యమన్నాను. తీసెయ్యమని పోట్లాడాను కూడా."

డిస్ట్రిబ్యూటర్ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "పోట్లాడే మనిషిని దగ్గరే ఉంచుకో," అని వెళ్ళిపోయాడు. మావయ్యకి ఉన్నట్టుండి స్కూటర్ గుర్తొచ్చింది. ఆయనా మాయమయ్యాడు.

"అయితే టైల్స్ షాపు లేనట్టేనా?" అందామె.

"లేనట్టే. అక్కకి నేను చెప్పుకుంటాను." ఆమె చేయి ఇంకా తన మోచేతి మీదే ఉందని ఇద్దరికీ తెలుసు. "సినిమాకి చెప్పారు కదా, బలాలు, బలహీనతలు. నాకూ చెప్పండి."

"బలాలు ముందా?"

"బలహీనతలే చెప్పండి. ఓపిక బాగానే ఉంది ఇవాళ."

"ఉన్నమాట అంటే ముఖం ముడుచుకుంటారు. చెప్పకుండా పని మానేస్తారు. మీరు రాని రోజుల్లో మనిషి ఎలా ఉందో అడగనైనా అడగరు. క్యాబేజీలు నేనే కొనుక్కున్నాను. ఒక్కటీ సరిగ్గా విరగలేదు."

"నాకూ ఏదీ బాగోలేదు," అన్నాడతను. "రోజూ మీ వీధి చివరదాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి. పైకి రావడానికి ధైర్యం చాల్లేదు. ఇన్ని దెయ్యాల్ని తయారుచేశాను గానీ, మీరు 'ఎందుకొచ్చారు' అంటారేమోనని భయపడి చచ్చాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మొదటి రోజు నవ్వినప్పటి నుంచి."

"దగ్గొచ్చిందని చెప్పాను కదా," అందామె, ఏడుస్తూ నవ్వుతూ.

"అమ్మ అడిగింది, ఇవాళ ఎందుకు చేశావని. ముందు ఊరికే అన్నాను, చివరికి ఒకమ్మాయి చేయించింది అన్నాను. ఆదివారం భోజనానికి తీసుకురమ్మంది. ఏమని చెప్పను?"

ఆమె అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, 'అమ్మ' అన్న పేరు మీద తనే నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మొదటిసారి మోగుతుండగానే ఎత్తారు.

"అమ్మా," అంది ఆమె, "ఆదివారం వస్తున్నాం. ఇద్దరం."